ఆఫ్‌లో పెట్టినా అప్‌డేట్ ఎందుకు వస్తుంది? మా షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ చౌరస్తా దగ్గర మాకు డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు ఉంది. పక్క షాపులవాళ్లు, కాలేజీ పిల్లలు, ఒకోసారి తెలియనివాళ్లు కూడా కంప్యూటర్ చంకలో పెట్టుకొని వచ్చి ఇవే అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అన్నా, అప్‌డేట్ ఆఫ్ చేసి పెట్టిన. అయినా ఎట్ల వచ్చింది?

మీరు నొక్కింది నిజంగా ఆఫ్ బటనేనా, ముందు అది చూడాలి. విండోస్ 7 కాలంలో అప్‌డేట్లు అసలు వెతకొద్దు అని చెప్పే ఆప్షన్ ఉండేది, చెప్తే వినేది. 2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. అప్పటి నుంచి ఇళ్లలో వాడే హోమ్ ఎడిషన్‌లో పూర్తిగా ఆపే బటనే లేదు. ఇప్పుడున్నది పాజ్. వారం చొప్పున పొడిగించుకుంటూ పోతే 35 రోజులు. ఆ గడువు దాటాక మళ్లీ పాజ్ కావాలంటే, ఆగి ఉన్నవన్నీ ముందు వేయించుకోవాలి. అప్పిచ్చినాయన వాయిదా ఇచ్చినట్టే, వాయిదా దొరికింది కదా అని అప్పు తీరిపోయిందనుకుంటే ఎట్లా?

కొంచెం తెలిసినవాళ్లు సర్వీసెస్‌లోకి పోయి విండోస్ అప్‌డేట్ సర్వీస్‌ను డిజేబుల్ చేస్తారు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఐదో రోజు చూస్తే అది మళ్లీ నడుస్తుంటుంది. ఎందుకంటే విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఇంకొకటి లోపల కాపలా ఉంటుంది. అప్‌డేట్ వ్యవస్థ ఎక్కడైనా చెడిపోతే బాగు చేయడం దాని పని. వైరస్‌లు కూడా మొట్టమొదట అప్‌డేట్‌నే ఆపుతాయి కాబట్టి అట్లాంటిది అవసరమే. కానీ ఓనర్ తెలిసి ఆపిందేదో, వైరస్ వచ్చి ఆపిందేదో అది అడగదు. రెండింటికీ ఒకటే మందు.

ఇక పెద్ద వర్షన్ మారే అప్‌డేట్ వచ్చిందంటే పాత సెట్టింగులు కొన్ని మొదటికి వస్తాయి. ఇల్లు సున్నం వేయించుకున్నాక సామాను ఎక్కడిదక్కడ ఉందో లేదో చూసుకున్నట్టు, అట్లాంటి అప్‌డేట్ తరువాత సెట్టింగులన్నీ ఒకసారి చూసుకోండి.

హోమ్ కాకుండా ప్రో ఉంటే ఆగుతుందా?

చాలావరకు ఆగుతుంది. ప్రోలో ఉండే గ్రూప్ పాలసీ ఎడిటర్ అనే సెట్టింగుల కిటికీలో, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ కింద, విండోస్ అప్‌డేట్ దగ్గర "కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్" ఉంటుంది. అందులో 2 నంబరు ఆప్షన్ పెడితే డౌన్‌లోడ్ చేసే ముందే మిమ్మల్ని అడుగుతుంది. ఏ వర్షన్ దగ్గర ఆగాలో చెప్పే పాలసీ కూడా అక్కడే దొరుకుతుంది. అంటే మన మాట వినే తాళంచెవి ఉంది, కాకపోతే అది ఎక్కువ పైసలు పెట్టినవాళ్లకే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇదంతా బుధవారం పొద్దున్నే ఎందుకు జరుగుతుంది?

మంచి ప్రశ్న, చాలామంది గమనించరు. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తుంది. అమెరికా పడమటి తీరంలో పొద్దున 10 గంటలు అంటే మనకు ఎండాకాలంలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. అప్పటికి మన షాపుల షట్టర్లు దించేసి ఉంటాయి. తెల్లారి బుధవారం వచ్చి స్విచ్ వేయగానే మొదలు. అప్లికేషన్ ఆఖరు తేదీ కూడా ఆ రోజే పడిందనుకోండి, బయట పిల్లలు లైను కట్టి ఉంటారు, లోపల స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి.

మంగళవారం కొత్త పని మొదలుపెట్టొద్దని మా నాయనమ్మ అనేది. వాళ్లకు ఎవరైనా చెప్తే బాగుండు.

యాక్టివ్ అవర్స్ పెట్టినా రాత్రి రీస్టార్ట్ అయింది, ఫ్లెక్సీ సగంలో ఆగింది

యాక్టివ్ అవర్స్ అంటే ఆ గంటల్లో దానంతట అది రీస్టార్ట్ కాదు, అంతే. డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ మాత్రం వెనక నడుస్తూనే ఉంటాయి. పైగా గరిష్ఠంగా 18 గంటలే పెట్టుకోవచ్చు, మిగతా ఆరు గంటలు దాని చేతిలో. మామూలు ఇంట్లో రాత్రి రెండింటికి రీస్టార్ట్ అయితే ఎవరికి పట్టింది? మేడారం జాతర ముందు పది రోజులు ములుగు రోడ్డు మొత్తం స్వాగతం ఫ్లెక్సీలే. ఆ రోజుల్లో ఫ్లెక్సీ వేసేవాళ్లకు రాత్రి రెండు గంటలంటే పట్టపగలే. మిషన్‌కు ఫైల్ పంపే కంప్యూటర్ మధ్యలో ఆగితే ఎనిమిది అడుగులు ప్రింటయిన ఫ్లెక్సీ చెత్తలోకి పోతుంది, ఇంకు పోతుంది, పొద్దున ఐదింటికి ట్రాలీ ఆటో వేసుకొని వచ్చే కార్యకర్తలతో లొల్లి అదనం.

అట్లాంటి రాత్రుల్లో యాక్టివ్ అవర్స్‌ను సాయంత్రం నుంచి మరుసటి రోజు మధ్యాహ్నం దాకా జరుపుకోండి. జాతర సీజన్ అయితే ముందే పాజ్ పెట్టండి. ఇంకోటి, కంప్యూటర్ స్లీప్‌లో ఉన్నా అప్‌డేట్ కోసం లేచే వీలుంది. పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్స్ డిజేబుల్ చేస్తే ఆ అర్ధరాత్రి దయ్యం తగ్గుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుపుతా. రోజు డేటా పొద్దున్నే ఖతం అవుతోంది

రోజుకు 1.5 జీబీ ప్లాన్ మీద కంప్యూటర్ నడిపేవాళ్ల కష్టం ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు తెలియదు, వాళ్ల ఆఫీసులో వైర్లలో డేటా నీళ్లలా పారుతుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి. పెద్ద డౌన్‌లోడ్లు ఆగుతాయి. మీటర్డ్ పెట్టినా, చాలా అవసరం అని అది అనుకున్నవి కొన్ని మాత్రం తెచ్చుకుంటుంది. అవసరం ఏదో తేల్చేది మాత్రం మీరు కాదు.

దాంతోపాటు డెలివరీ ఆప్టిమైజేషన్‌లో "వేరే పీసీల నుంచి డౌన్‌లోడ్" అన్నది ఆఫ్ చేయండి. మన దగ్గరికి వచ్చిన అప్‌డేట్ ముక్కల్ని మన డేటాతోనే ఇంకొకళ్లకు పంపే ఏర్పాటు అది. అన్నదానం మంచిదే, కానీ పక్కోడి బియ్యంతో కాదు.

ఒక్క అప్‌డేట్ వస్తే ఇంత కోపమెందుకు? నీకేమైనా నష్టమైందా?

అయింది. నిరుడు మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. పరకాల దిక్కు ఊరి నుంచి ఒక పెద్దమనిషి బిడ్డ పెళ్లి కార్డులు వేయించడానికి వచ్చాడు, ఐదు వందలు. ముందు రోజు కూర్చొని అన్నీ సరిచూసుకున్నాం, మేనమామల పేర్ల వరుస రెండు సార్లు మార్పించాడు, ఇంటి పేరులో ఒత్తు దగ్గర ఇద్దరం వాదులాడుకున్నాం. ఫైల్ సేవ్ చేసి, పొద్దున తెరిచి ముహూర్తం దగ్గర ఒక్క చుక్క జరిపి, మళ్లీ సేవ్ చేసి పెన్ డ్రైవ్‌లో వేసి వరంగల్‌లో ప్రెస్సుకు పంపిన. గంటలో ప్రెస్సాయన ఫోన్, "అన్నా, నీ ఫైల్ ఓపెన్ అయితలేదు, కొత్త వర్షన్‌ది అంటున్నది" అని.

కొత్త వర్షన్ ఎక్కడిది? మేం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో (పేరెందుకు, పైసలు కట్టి కొన్నదే) ఆటో అప్‌డేట్ టిక్ కొన్న రోజే నేను తీసేసిన. రాత్రికి రాత్రి అది తనంతట తనే కొత్తది వేసుకుంది. పొద్దున నేను సేవ్ చేసిన ఫైల్ కొత్త పద్ధతిలో సేవ్ అయింది. పాత పద్ధతిలో సేవ్ చేద్దామని మళ్లీ తెరిస్తే ఇంకో తమాషా. తెలుగు టైపింగ్ మేనేజర్‌కూ ఈ కొత్త వర్షన్‌కూ పొత్తు కుదరలేదు. చి.ల.సౌ. అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ఒక డాలర్ గుర్తు, రెండు కామాలు. మన పాత డీటీపీ ఫాంట్లు అంతే, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు, లోపల ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు వేషం వేసి ఉంటుంది, ఫాంట్ తప్పితే వేషం జారిపోతుంది. పెద్దమనిషి కళ్లద్దాలు పెట్టుకొని స్క్రీన్ దగ్గరికి వంగి, "ఇది మా పిల్ల పేరేనా బిడ్డా?" అన్నాడు. ఏం చెప్పాలి?

ముందు రోజు తీసిన ప్రూఫు కాగితం డస్ట్‌బిన్‌లో దొరికింది, అదే దిక్కయింది. పాత కంప్యూటర్‌లో మొదటి నుంచి టైపు చేసిన. ఆయన బల్ల మీదే కూర్చున్నాడు, రెండు సార్లు చాయ్ తెప్పించిన, పరకాల బస్సులు ఒక్కొక్కటే పోతున్నాయని గడియారం చూసుకుంటున్నాడు. మొదటి కార్డు ఆ సాయంత్రమే భద్రకాళి గుడిలో పెట్టి పోవాలని ఇంట్లోవాళ్లకు మాటిచ్చి వచ్చాడట. కార్డులు చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. పైసలు తగ్గించిన, ప్రెస్సుకు రెండోసారి ఆటో కిరాయి నేనే పెట్టుకున్న.

ఆయన పోయాక ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ తెరిచి చూసిన. ఆటో అప్‌డేట్ దగ్గర టిక్ లేదు. నేను తీసేసినట్టే ఉంది.

అప్‌డేట్ వస్తే పడతాం అండీ, పదిహేను నిమిషాలు చాయ్ తాగొస్తాం. వద్దు అని చెప్పుకోవడానికి టిక్ పెట్టే డబ్బా ఒకటి నువ్వే ఇచ్చి, నేను వద్దన్నాక సరే అని తలూపి, రాత్రి నేను ఇంటికి పోయాక నీ పని నువ్వు చేసుకున్నావు చూడు, అది కడుపులో మండుతుంది. ఆ డబ్బా అసలు లేకపోయినా ఇంత కోపం రాకపోయేది.

అయితే అప్‌డేట్లు మొత్తానికే బంద్ పెట్టుకోవచ్చు కదా?

వద్దు. ఇంత తిట్టినవాడు వద్దంటున్నాడంటే అర్థం చేసుకోండి. 2017 మే 12న వానాక్రై వచ్చింది, కంప్యూటర్లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి బిట్‌కాయిన్ అడిగింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు పట్టుకుంది, ఇంగ్లండ్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేశాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కంతను పూడ్చే అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? 2017 మార్చి 14న. సుమారు రెండు నెలల ముందు. వేసుకున్నవాళ్లు బతికారు.

మన షాపుల్లో గిరాకీల ఆధార్ కాపీలు, ఫొటోలు, సంతకాలు డెస్క్‌టాప్ మీదే పడి ఉంటాయి. పోతే పోయేది మనవి కావు, వాళ్లవి. అందుకే నా లెక్క, వారం పది రోజులు ఆగి వేసుకోవాలి. మొదటి రోజు వేసుకొని ప్రయోగశాల ఎలుక కావొద్దు, మూడు నెలలు మానేసి ఎర కూడా కావొద్దు.

వారం ఆగితే ఏం ఒరుగుతుంది?

2018 అక్టోబర్‌లో విండోస్ 10 పెద్ద అప్‌డేట్ ఒకటి కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిపేసింది. కొన్ని రోజుల్లోనే దాన్ని ఆపేశారు. తొందరపడి వేసుకున్నవాళ్లు పోగొట్టుకున్నారు, ఆగినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

అయితే ఆగుతానని చెప్పినా ఆగనివ్వని ఉదాహరణ కూడా ఉంది, అది ఇంకా పెద్దది. 2024 జులై 19, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క ఫైలు వల్ల ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకొని కూర్చున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఫొటోలు చూసే ఉంటారు. ఆ కంపెనీ కస్టమర్లలో చాలామంది "మాకు కొత్త వర్షన్ వద్దు, ఒక వర్షన్ వెనకే ఉంచండి" అని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లే. కానీ ఆ సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వర్షన్‌కు మాత్రమే వర్తిస్తుంది, రోజూ వచ్చే ఈ చిన్న ఫైళ్లకు కాదు. ఆ ఫైలు అందరికీ ఒకేసారి పోయింది. తరువాత ఆ కంపెనీ ఈ ఫైళ్ల మీద కూడా కస్టమర్లకు పట్టు ఇస్తామని చెప్పింది. విమానాలు ఆగాక.

నా డిజైన్ సాఫ్ట్‌వేర్ కథ, ఎయిర్‌పోర్టు కథ రెండూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ సెట్టింగ్ పేరు చదివి మనం ఒకటి అనుకుంటాం, లోపల అది ఇంకొకటి చేస్తుంది, ఆ తేడా రెండు చోట్లా ఉంది.

ఫోన్‌లో ఎట్లా?

ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, సెట్టింగ్స్, నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్, ఆటో అప్‌డేట్ యాప్స్, అక్కడ "డోంట్" పెట్టండి. ఒక్క యాప్‌కే కావాలంటే ఆ యాప్ పేజీలో పైన మూడు చుక్కల్లో టిక్ తీసేయొచ్చు. గూగుల్ ప్లే సర్వీసెస్ మాత్రం వీటితో సంబంధం లేకుండా తన పని తాను చేసుకుంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్ భాగాలు కొన్ని కూడా ప్లే ద్వారానే వస్తున్నాయి. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ అని ఒకటి ఉంటుంది, అది ఆఫ్ చేస్తే రీస్టార్ట్ అయినప్పుడు దానంతట అది వేసుకోవడం ఆగుతుంది.

పైసలు పంపే యాప్‌లు ఇంకో రకం. గిరాకీ స్కానర్ ముందు ఫోన్ పట్టుకొని నిలబడ్డప్పుడే "అప్‌డేట్ చేస్తేనే ముందుకు" అని తెర పడుతుంది, వెనక ఆరుగురు. బ్యాంకు సంగతి కాబట్టి దీన్ని మాత్రం నేను తిట్టను, పొద్దున్నే షాపు తెరవగానే చూసుకోండి.

రీఫిల్ కార్ట్రిడ్జ్ నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ ప్రింటర్ వద్దంటోంది

ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మారి ఉండొచ్చు. 2016 సెప్టెంబర్‌లో హెచ్‌పీ ఇంక్‌జెట్ ప్రింటర్లలో కొన్ని ఉన్నట్టుండి వేరే కంపెనీ కార్ట్రిడ్జ్‌లను ఒప్పుకోవడం మానేశాయి, గొడవ పెద్దదయ్యాక కంపెనీ దాన్ని తీసేసే ఫర్మ్‌వేర్ విడిగా ఇవ్వాల్సి వచ్చింది. ప్రింటర్ మెనూలో అప్‌డేట్ ఆఫ్ చేసి, వైఫై తీసేసి వైరుతో వాడండి. కంప్యూటర్లో ఉన్న ప్రింటర్ సాఫ్ట్‌వేర్ కూడా అడుగుతుంటుంది, ఎస్ నొక్కొద్దు.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే?

స్విచ్ మళ్లీ వేసి వదిలేయండి, చాలాసార్లు దానంతట అదే వెనక్కి పోతుంది. గంట చూసి అప్పుడు టెన్షన్ పడండి. యూపీఎస్ బ్యాటరీ మార్చి ఎన్నేళ్లయిందో కూడా చూసుకోండి.

కేసు వేయొచ్చా?

కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ వేసింది. అడగకుండానే విండోస్ 10 దిగి ఆఫీసు కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని కోర్టుకు పోతే 10 వేల డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది, మైక్రోసాఫ్ట్ అప్పీలు మానుకొని 2016లో కట్టేసింది. ఆ కాలంలోనే, అప్‌గ్రేడ్ చేయమని అడిగే కిటికీని ఇంటూ గుర్తు నొక్కి మూసినా ఒప్పుకున్నట్టే లెక్కగట్టారు. ఇంటూ అంటే వద్దు అని కదా ఊరంతా అనుకునేది. ఇటలీలో 2018 అక్టోబర్‌లో పోటీ నియంత్రణ సంస్థ, అప్‌డేట్ల వల్ల పాత ఫోన్లు నెమ్మదించాయని యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది.

మన దగ్గర ఒక చిక్కుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా "ఐ యాక్సెప్ట్" నొక్కుతాం కదా, విండోస్ 10 లైసెన్సులో అప్‌డేట్లు వేరే నోటీసు లేకుండా రావడానికి ఒప్పుకుంటున్నామని రాసే ఉంది. అయినా వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది, సొంత బతుకుతెరువు కోసం కొన్నవాళ్లు కూడా దాని కింద వినియోగదారులే, కొన్నదానికి కట్టిన ధర 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. సెట్టింగ్ ఆఫ్‌లో ఉన్న ఫొటో, తేదీతో, దగ్గర పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

విండోస్ 10 బందయింది కదా, ఇప్పుడు పేజ్‌మేకర్ కంప్యూటర్ ఏం చేయాలి?

2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. పేరు నమోదు చేసుకుంటే ఇళ్లలో వాడేవాటికి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), కొత్త తరం ప్రాసెసర్ కావాలి, మన షాపుల్లో డబ్బాలు చాలావాటికి ఆ యోగం లేదు. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఇప్పటికీ దాని మీదే మన పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు నడుస్తున్నాయి. అట్లాంటి కంప్యూటర్‌కు నెట్ వైరు పీకేయండి. ఫైళ్లకు ఒక పెన్ డ్రైవ్ విడిగా పెట్టండి, దాన్ని బయటివాళ్ల కంప్యూటర్లో పెట్టొద్దు.

విండోస్ బదులు లినక్స్ వేసుకుంటే ఈ బాధ ఉండదట?

తక్కువ ఉంటుంది, లేకుండా పోదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలుగా వచ్చే సాఫ్ట్‌వేర్లు రోజుకు నాలుగు సార్లు తమంతట తామే అప్‌డేట్ చూసుకుంటాయి, నిరవధికంగా ఆపుకునే వీలు 2022 చివర్లో కానీ ఇవ్వలేదు. పైగా మన డీటీపీ ఫాంట్ల కిరికిరి అక్కడ ఇంకా ఎక్కువ.

అప్‌డేట్ బ్లాకర్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉందట, వేయాలా?

ఎవరు రాశారో తెలియని దానికి అడ్మిన్ పర్మిషన్ ఇచ్చి ఇంట్లోకి పిలుస్తారా? మీ ఇష్టం.

ఇప్పుడు మీ షాపులో ఎట్లా నడుపుతున్నారు?

డీటీపీ కంప్యూటర్‌కు నెట్ లేదు. అప్లికేషన్ల కంప్యూటర్ రెండో మంగళవారం నుంచి వారం రోజులు పాజ్‌లో ఉంటుంది, ఆ తరువాతి బుధవారం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నా కళ్ల ముందే వేయిస్తా. కార్డు ఏదైనా ప్రెస్సుకు పోయే ముందు అక్షరాలు కర్వ్స్‌లోకి (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మల్లోకి) మార్చి పీడీఎఫ్ కూడా పెడుతున్న, ప్రూఫు కాగితం కార్డులు చేతికొచ్చేదాకా పారేయడం లేదు. గోడ మీద పంచాంగం క్యాలెండర్‌లో రెండో మంగళవారాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన. మొన్న ఒకాయన అది చూసి, "ఆ రోజు ఏమన్న అమావాస్యనా అన్నా?" అని అడిగాడు.